శివారు సబ్జెక్టుకు తొలి వంతు

మా బంధువర్గంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. అందువల్ల జనవరి నెల రాగానే నా ఫోను మోగడం మొదలవుతుంది. ప్రస్తుతం నేను ఉద్యోగరీత్యా బాపట్లలో ఉంటున్నాను. చెరుకుపల్లి నుంచి పిన్ని, రేపల్లె నుంచి అత్తయ్య, తెనాలి నుంచి నాకు సరిగ్గా వరస కూడా తెలియని ఒక బాబాయి, అందరూ ఒకే కోరిక కోరుతారు. ఇంట్లో పిల్లవాడికో పిల్లకో పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి, చదువుకోవడానికి ఒక టైంటేబుల్ తయారు చేసి పంపాలి.

నేను ముందుగా ఒకే ప్రశ్న అడుగుతాను. "వాడి శివారు సబ్జెక్టు ఏది?"

"శివారేంటిరా? పరీక్షల గురించి అడుగుతుంటే పొలాల గురించి మాట్లాడతావు?" అని మొన్న పిన్ని విసుక్కుంది. ఆమెకు ఫోనులో చెప్పడం సాధ్యం కాలేదు. ఈ ప్రశ్న నాది కాదు, మా నాన్నది. దాని వెనుక ఒక కాలువ, ఒక ఇనప పెట్టె, ఒక చొక్కా ఉన్నాయి. వాటిని వరుసగా చెప్పవలసి ఉంటుంది.

మా నాన్న కాలువ లస్కరుగా పనిచేసేవారు. పంట కాలువ తూములకు ఉండే షట్టర్లను ఎత్తడం, దించడం, ఎవరి పొలానికి ఏ రోజున నీళ్ళు వెళ్ళాలో ఆ వంతు ప్రకారం వదలడం ఆయన పని. చదువు లేదు. సంతకం మాత్రం నేర్చుకున్నారు. దాన్ని కూడా షట్టరు ఎత్తుతున్నట్టుగా కింది నుంచి పైకి పెట్టేవారు. అమ్మ నాట్లకూ కలుపులకూ వెళ్ళేది. మా ఇల్లు చెరుకుపల్లికి కొద్ది దూరంలో, కాలువ గట్టు పక్కనే ఉండేది. అటు నాన్న వైపు గాని, ఇటు అమ్మ వైపు గాని పదో తరగతి గట్టెక్కినవారు అప్పటికి ఒక్కరూ లేరు.

నేను పదో తరగతిలో ఉండగా అర్ధసంవత్సర పరీక్షల్లో నాకు హిందీలో తొమ్మిది మార్కులు వచ్చాయి. వందకు. హిందీలో ఇరవై వస్తే పాసే. ఆ ఇరవై అనే అంకె మా తరగతి మొత్తాన్ని మోసం చేసింది. ఇరవయ్యే కదా అని అందరం హిందీని ఆఖరి రోజుకు వదిలేశాం. బాపట్ల నుంచి రోజూ బస్సులో వచ్చే మా హిందీ మేడం నా జవాబు పత్రాన్ని నా చేతికి కాక నాన్న చేతికి ఇచ్చారు.

"మిగతావి బాగానే ఉన్నాయండి. ఇదొక్కటి పోయిందంటే మొత్తం ఫెయిలే అవుతాడండి," అన్నారు.

ఈ సంగతి రెండు రోజుల్లో రేపల్లె చేరింది. రేపల్లెలో అమ్మ తమ్ముడికి షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే దుకాణం ఉంది. మావయ్యకు అప్పట్లో ఉన్న పెద్ద కష్టం కుర్చీలు లెక్కపెట్టడం. పెళ్ళికి మూడు వందలు పంపితే రెండు వందల తొంభై మూడే తిరిగి వచ్చేవి. అయినవాడు, లెక్క తెలిసినవాడు ఒకడు కావాలని ఆయన చాలాకాలంగా వెతుకుతున్నారు. నా తొమ్మిది మార్కులు ఆయనకు శుభవార్తగా వినిపించాయి.

"ఫెయిలయితే బెంగ పడొద్దక్కా. అల్లుణ్ణి నా దగ్గరికి పంపేయ్," అన్నారు. అన్నంతటితో ఆగలేదు. నా కొలతలు ఊహించి, దుకాణం పనివాళ్ళు వేసుకునే పసుపు చొక్కా ఒకటి కుట్టించి పంపారు. వీపు మీద ఎర్ర అక్షరాల్లో దుకాణం పేరు, దాని కింద ఫోను నంబరు, ఆ కింద "పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, సమస్త శుభకార్యములకు" అని ఉంది. అమ్మ దాన్ని గోడ మేకుకు తగిలించింది. నేను ఎక్కడ కూర్చుని చదివినా ఆ చొక్కా నన్ను చూస్తూనే ఉండేది.

నేను భయపడ్డాను. భయపడినవాడు చదవడం మొదలుపెట్టాలి. నేను మాత్రం టైంటేబుల్ గీయడం మొదలుపెట్టాను.

తెనాలి వెళ్ళి చార్టు, పన్నెండు రంగుల స్కెచ్ పెన్నులు కొనుక్కువచ్చాను. మొదటి టైంటేబుల్‌లో స్నానానికి చోటు పెట్టి భోజనానికి పెట్టడం మరిచిపోయాను. రెండోదాన్ని కూడి చూస్తే రోజుకు ఇరవై ఏడు గంటలు వచ్చాయి. మూడోదాని మీద అమ్మ చారు గిన్నె దించింది. నాలుగోది పూర్తయ్యేసరికి పదకొండు రోజులు గడిచిపోయాయి. ఆ పదకొండు రోజుల్లో నేను ఒక్క పేజీ కూడా చదవలేదు. అయినా చాలా అలసిపోయాననీ, బాగా కష్టపడుతున్నాననీ మనస్ఫూర్తిగా నమ్మాను.

చార్టును గోడకు అంటించినప్పుడు నాన్న దాని ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

"ఈ ఎర్ర గళ్ళన్నీ ఏంటి?"

"లెక్కలు నాన్నా."

"ఇన్నా?"

"లెక్కలంటే నాకు ఇష్టం."

"ఆకుపచ్చవి?"

"సైన్సు."

"ఈ కింద మూల చీమంత నల్లగా ఉందే, అదేంటి?"

"హిందీ. ఆదివారం నాలుగు నుంచి నాలుగున్నర దాకా."

నాన్న ఇంకొంచెం ముందుకు వంగి చూశారు. "ఒరేయ్, ఇది మన కాలవే కదరా," అన్నారు. "తూము దగ్గరోడికి మోకాలెత్తు నీళ్ళు. శివారోడికి ఆదివారం పూట అరగంట. ఇలా వదిలితే నన్ను ఏనాడో ఉద్యోగంలోంచి పీకేసేవాళ్ళు."

శివారు అంటే కాలువ చిట్టచివర ఉండే భూములు. నీళ్ళు అన్ని పొలాలూ దాటుకుని అక్కడికి చేరాలి, చాలాసార్లు చేరవు. అందుకే నీటి ఎద్దడి వచ్చినప్పుడు వంతు పెడతారు. పై తూములన్నీ దించేసి, ముందు శివారుకు పారించి, ఆ తరువాతే పైవాళ్ళకు వదులుతారు. నాన్నకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆయన దాన్నే నా చదువుకు అమలు చేశారు.

మరునాడు నా పుస్తకాలన్నీ ఇనప పెట్టెలోకి వెళ్ళాయి. పెట్టె తాళంచెవి నాన్న మొలతాడుకు, షట్టర్ల తాళంచెవి పక్కనే వేలాడింది. బడికి పోయేటప్పుడు అన్నీ తీసుకుపోవచ్చు. "బడి నా సెక్షన్ కాదు," అన్నారు నాన్న, తన కిందున్న కాలువ ముక్కను పిలిచే మాటతో. ఇంట్లో మాత్రం వంతు వచ్చిన పుస్తకమే బయటికి వస్తుంది. తొలి వంతు హిందీది, అదీ రోజూ పొద్దున, బుర్ర తేటగా ఉండగా. దాని తరువాత సోషల్, తరువాత ఇంగ్లీషు. అందరికంటే ఆఖరున, ఎగువన కూర్చున్న భూస్వామి లాంటి లెక్కలు. వారానికి ఒక పూట పెట్టె అసలు తెరిచేవారు కాదు. "కాలవ కట్టేశాం. గట్టు ఆరాలి, పోయి ఆడుకో," అనేవారు. నేను పెట్టె పక్కనే కూర్చుని బతిమాలినా తెరవలేదు. చదువుకోనివ్వమని ఏడ్చిన కొడుకును మా వీధిలో అందరూ వింతగా చూశారు.

కాలువలో నీటిమట్టం చూపే గేజీ రాయి ఉన్నట్టే గోడ మీద బొగ్గుతో ఆరు నిలువు గీతలు గీశారు. ఏ పుస్తకం వంతు పూర్తయితే దాని గీత మీద ఒక అడ్డగీత పడేది. అందులో ఏది ఏ సబ్జెక్టో ఆయనకు అట్టల గుర్తు మీదే తెలుసు. హిందీకి నీలం అట్ట, లెక్కలకు ఖాకీ అట్ట.

ఇక్కడే నేను తప్పు చేశాను. రెండో వారంలో హిందీ అట్ట లెక్కల పుస్తకానికీ, లెక్కల అట్ట హిందీకీ వేశాను. తొలి వంతులో, తేట బుర్రతో, నీలం అట్ట కింద హాయిగా లెక్కలు చేసుకున్నాను. ఖాకీ అట్ట వంతు వచ్చేసరికి అలసిపోయానని చెప్పి లేచిపోయేవాణ్ణి. ఎగువ రైతు చాటుగా తూము ఎత్తుకోవడం అంటే సరిగ్గా ఇదే.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. హిందీ పైకి చదవాలని, జవాబు పత్రం ఇచ్చిన రోజున మేడం చెప్పిన మాట నాన్న గుర్తుపెట్టుకున్నారు. "వినపడట్లేదు," అని అరుగు మీది నుంచి కేకేసేవారు. వేరే దారి లేక నేను లెక్కల పుస్తకాన్ని హిందీలాగా చదవడం మొదలుపెట్టాను.

"త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలు హై! వృత్తానికి బాహ్య బిందువు నుండి గీచిన స్పర్శరేఖల పొడవులు సమానం హై!"

నిజానికి లెక్కల పుస్తకంలోని తెలుగు మా ఇంట్లో ఎవరికీ తెలుగు కాదు. బాహ్య బిందువు అన్నా, స్పర్శరేఖ అన్నా అమ్మకు ఢిల్లీ నుంచి వచ్చిన మాటలుగానే వినిపించాయి. చివర హై ఒకటి ఉండనే ఉంది.

"ఎంత గడగడా చదువుతున్నాడో చూడు. ఎక్కడా తడుముకోవట్లేదు," అని అమ్మ మురిసిపోయేది. నాన్న కళ్ళు మూసుకుని వినేవారు. హిందీ గీత మీద అడ్డగీతలు గేజీ పైకంటా పేరుకున్నాయి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మావయ్య చొక్కా కొలత సరిపోయిందో లేదో చూడడానికి వచ్చారు. నేను లోపల చదువుతున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళ గ్లాసు సగంలో ఆపి, కొంచెంసేపు విన్నారు.

"బావా, వీడు చదివేది ఏంటి?"

"హిందీ," అన్నారు నాన్న గర్వంగా.

"ఏ ఊరి హిందీ?"

"ఏ ఊరిదేంటయ్యా? పుస్తకంలోది."

"నా దగ్గర పందిళ్ళు కట్టే కుర్రాళ్ళంతా ఉత్తరాది నుంచి వచ్చినోళ్ళే బావా. పొద్దస్తమానం హిందీలోనే తిట్టుకుంటారు. ఇన్నేళ్ళలో ఒక్కడు కూడా స్పర్శరేఖ అని తిట్టుకోలేదు."

 మావయ్య లోపలికి వచ్చి, నా చేతిలోని నీలం అట్ట తెరిచి, మొదటి పేజీ మీద వృత్తం బొమ్మ చూసి, ఎంతో ఆప్యాయంగా నా భుజం తట్టారు. "అల్లుడూ, చొక్కా సరిపోద్దిలే," అన్నారు.

నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. సైకిలు తీసి, "ఎక్కు," అన్నారు. వెనకాల కూర్చున్నాను. కాలువ గట్టు వెంబడి సముద్రం వైపు గంటకు పైగా తొక్కారు. కాలువ సన్నబడుతూ, సన్నబడుతూ చివరికి నేను ఒక్క గెంతులో దాటగలిగేంత అయింది. అక్కడి మొక్కజొన్న చేలో ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. గట్టు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

"లస్కరు గారూ, నా వంతు బుధవారమేనా?" అని అడిగింది.

"బుధవారమేనమ్మా."

"పోయిన వంతుకి కాళ్ళు కూడా తడవలేదయ్యా. పైనెవడో ఇంజను పెట్టి లాగేశాడు."

ఆ ఎవడో పోలికలు నాకు బాగా తెలుసు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"మీ అబ్బాయేనా? పదో తరగతంట కదా, బాగా చదువుతున్నాడా?" అంది ఆవిడ.

"తూము దగ్గర బాగానే పారుద్దమ్మా," అన్నారు నాన్న.

ఆవిడకు అర్థం కాలేదు. అయినా నాకు ఒక మొక్కజొన్న కంకి విరిచి ఇచ్చింది. దానిలో సగం గింజలే ఉన్నాయి. ఇంటికి వచ్చాక అది తినలేక పుస్తకాల పెట్టె మీద పెట్టాను. అట్టలు మార్చి, నీలం అట్టను మళ్ళీ హిందీకే వేశాను. గేజీ మీద హిందీ అడ్డగీతలన్నీ నాన్న తడి గుడ్డతో తుడిచేశారు. పరీక్షలకు అప్పటికి నెల రోజులు ఉన్నాయి. హిందీలో నా నీటిమట్టం సున్నా.

ఇప్పుడు హిందీ వినేవారు ఒకరు కావాలి. అమ్మ తన తమ్ముణ్ణే పిలిచింది. ఇది న్యాయం కాదని ఇప్పుడు అనిపిస్తుంది. నేను ఫెయిలయితే లాభపడే మనిషినే నన్ను పాస్ చేయించమని అడగడం అది.

"నా కుర్చీలు లెక్కపెట్టేవాణ్ణి నా చేత్తోనే పోగొట్టుకోమంటావేంటక్కా?" అని మావయ్య మొత్తుకున్నారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. "పాసైనా సరే, ఫెయిలైనా సరే, నేను చెప్పిన రోజున ఒక్కసారి ఆ చొక్కా వేసుకోవాలి. కుట్టించిన చొక్కా మేకు మీద చచ్చిపోకూడదు."

ప్రతి ఆదివారం ఆయన రేపల్లె నుంచి వచ్చి, అరుగు మీద పడుకుని, నా చేత పాఠాలు చదివించుకుని వినేవారు. ఆయనకు హిందీ అక్షరం ఒక్కటీ రాదు. వచ్చినదంతా పని పురమాయించే హిందీ. ఉఠావ్, పకడో, ఖీంచో, ఔర్ ఖీంచో, అంటే ఎత్తు, పట్టుకో, లాగు, ఇంకా లాగు. పాఠంలో అర్థమైన మాట వచ్చినప్పుడల్లా లేచి కూర్చుని, "ఇది మనదే!" అని అరిచేవారు. కథలో ఎవరైనా కూర్చుంటే, "దేని మీద కూర్చున్నాడో అడుగు. కుర్సీ అన్నాడా?" అని ఆత్రపడేవారు. ఉత్తరం రాయడం నేర్పమంటే, ఆయన రాయించగలిగిన ఉత్తరం ఒకటే, ఫలానా తేదీకి దో సౌ కుర్సియాఁ పంపండి అని. నేను దాన్ని ముప్పై సార్లు రాశాను.

చివరి వారంలో నేను కంగారుపడి అన్ని పుస్తకాలూ ఒకేసారి కావాలన్నాను. నాన్న ఇవ్వలేదు. "కోతకు ముందు తడి పెడతాం గాని వరద పెట్టం. చేను పడిపోద్ది," అన్నారు. ఒక్కో పుస్తకం పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం, అంతే. తొలి తడి మాత్రం అప్పుడు కూడా శివారుకే.

హిందీ పరీక్షలో పుస్తకాల దుకాణానికి ఉత్తరం రాయమన్నారు. నేను సంబోధన రాశాను, తేదీ రాశాను, నాలుగు పుస్తకాల పేర్లు రాశాను. అక్కడితో నా దగ్గరున్న హిందీ అయిపోయింది. ఇంకా అర పేజీ ఖాళీగా ఉంది. చేయి దానంతట అదే కదిలింది. పై పుస్తకాలతో పాటు రెండు వందల కుర్చీలు కూడా వెంటనే పంపవలసిందిగా ప్రార్థించాను. కారణం తోచక, చదువుకునేవారు కూర్చోవడానికి అని చేర్చాను.

ఫలితాలు వచ్చిన రోజున నాన్న కాలువ మీద ఉన్నారు. కట్టేసిన కాలువలో షట్టరుకు గ్రీజు పెడుతున్నారు. నేను గట్టు మీది నుంచే అరిచాను.

"నాన్నా, పాసయ్యాను!"

ఆయన తల ఎత్తలేదు. "శివారుకెంత?"

"నలభై ఒకటి."

అప్పుడు చేయి ఆపారు. "కాళ్ళు తడిశాయి," అన్నారు. చేయి తుడుచుకుంటూ, "మోకాళ్ళు కూడా," అన్నారు. లెక్కల్లో ఎనభై ఎనిమిది వచ్చాయని చెబితే, "తూము దగ్గర ఎప్పుడూ పండుద్దిలే," అని మళ్ళీ గ్రీజు డబ్బా అందుకున్నారు. లెక్కలకు వంతు తగ్గితే అవి ఎండిపోతాయని నేను పడిన భయమంతా వృథా. ఎండడానికి వాటికి తడి ఎప్పుడు తగ్గింది కనుక?

మావయ్య తన షరతుకు రోజు ఎంచుకున్నారు. తెనాలిలో జూనియర్ కాలేజీలో చేరే రోజు. రేపల్లె నుంచి రైల్లో నాన్న, నేను బయలుదేరాం. నేను తెనాలి దాకా రైలుపెట్టె గోడకు వీపు ఆనించి నిలబడే వచ్చాను. అయినా ఇద్దరు మనుషులు వంట పాత్రలు కూడా ఇస్తారా అని అడిగారు.

కాలేజీ కౌంటరు దగ్గర గుమస్తా గారు నా కాగితాలు తిరగేశారు. నాన్న దూరంగా, లైను చివర నిలబడి ఉన్నారు. తీరా సంతకం పెట్టే ముందు గుమస్తా గారు ఆగి, నా వైపు తేరిపార చూసి, "బాబూ, వెనక్కి తిరుగు," అన్నారు. నేను తిరిగాను. ఎదురుగా నాన్న ముఖం కనిపించింది. కౌంటరు నుంచి నన్ను వెనక్కి తిప్పేశారనుకుని ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. లైను మొత్తాన్ని తోసుకుంటూ వచ్చేశారు.

"ఏంటండీ, సీటు లేదంటున్నారా? అన్నీ పాసయ్యాడండి! హిందీ కూడా!"

"సీటు ఎక్కడికి పోయిందండి, ఇచ్చేశాను," అన్నారు గుమస్తా గారు, నా వీపు మీది నుంచి కళ్ళు తీయకుండా. "వచ్చే నెలలో మా అమ్మాయి పెళ్ళి. కదలకు బాబూ, నంబరు రాసుకుంటున్నాను. చివర్లో తొమ్మిదా, ఏడా?"

"తొమ్మిదండి," అన్నాను.

ఆ పెళ్ళికి మూడు వందల కుర్చీలు వెళ్ళాయి. మావయ్య ఆహ్వానం మీద నేనే వెళ్ళి లెక్కపెట్టాను. మూడు వందలూ తిరిగి వచ్చాయి. మిగతా కాలేజీలకు కూడా ఒకసారి ఆ చొక్కాతో వెళ్ళి రమ్మని ఆయన చాలాకాలం అడిగారు.

కాలేజీ నుంచి ఇంటికి వచ్చిన ఆ సాయంత్రం నాన్న మొలతాడుకున్న ఇనప పెట్టె తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టారు. పక్కనున్న షట్టర్ల తాళంచెవి వైపు కూడా నేను ఒకసారి చూశాను.

"అది నీకివ్వను," అన్నారు. "నీ మీద ఇంకా నమ్మకం లేదు."